ఎర్తు గుంతతో మొదలైన కంప్యూటర్ ల్యాబు: ఒక ఫిజిక్స్ మేడం ప్రాజెక్టు డైరీ

జూన్ 23, 2025, సోమవారం

"మేడం, మీరు ఫిజిక్స్ కదా, కరెంటు సంగతి మీకే తెలుస్తుంది" అని హెచ్ఎం సార్ తాళంచెవి చేతిలో పెట్టారు. ఉరవకొండ దగ్గరున్న మా హైస్కూల్లో కంప్యూటర్ ల్యాబు ఇన్‌ఛార్జిని అయ్యింది అట్లా. ఆర్డరు లేదు, కాగితం లేదు. స్టాక్ రిజిస్టర్లో సంతకం మాత్రం పెట్టించుకున్నారు.

తలుపు తీస్తే ముందు వాసన వచ్చింది. ఎలుకలు, తడిసి ఆరిన అట్టపెట్టెలు. తర్వాత దుమ్ము. మా వైపు ఆషాఢం గాలికి ఎర్రమట్టి కిటికీ సందుల్లోంచి దూరి కీబోర్డుల మీద అంగుళం మందాన పడుకుంటుంది. గాలిమరల కంపెనీలు ఊరికే రాలేదు కదా మా కొండల మీదికి.

లెక్క చూశాను. సీపీయూలు 11, మానిటర్లు 10, కీబోర్డులు 7, మౌసులు 4. ఆ నాలుగింట్లో రెండిటి వైర్లు ఎలుకలు కొరికినవి. యూపీఎస్ బ్యాటరీలు బూరెల్లా ఉబ్బి ఉన్నాయి. రిజిస్టరు ప్రకారం మాత్రం అన్నీ "పనిచేయుచున్నవి".

స్టాఫ్ రూములో ఒకాయన అడిగారు, క్లాసుల్లో ఐఎఫ్‌పీ ప్యానెళ్లు, అంటే వేలితో తాకి నడిపే పెద్ద తెరలు ఉన్నాయి కదా, ఈ పాత డబ్బాలు ఏంటికి అని. ప్యానెల్ మంచిదే, నేనూ రోజూ వాడతాను. కానీ దాని మీద ఆడేది టీచరు వేలు. పిల్లల వేళ్లు బెంచీ మీదే ఉంటాయి. పదో తరగతి అయిపోయే లోపు మా పిల్లలు ఒక పేజీ టైపు చేసి, దాన్ని భద్రపరిచి, మర్నాడు మళ్లీ తెరవగలగాలి. నేను పెట్టుకున్న లక్ష్యం అంతే. కోడింగ్, ఏఐ అన్న పెద్ద మాటలు తర్వాత చూద్దాం.

జూన్ 28, శనివారం

సాయంత్రం బడి వదిలాక సీపీయూలన్నీ వేపచెట్టు కిందికి మోసుకొచ్చి విప్పాం. మోటార్ల రివైండింగ్ షాపు అన్న బ్లోయరు ఇచ్చాడు. గాలి కొట్టే ముందు ఫ్యాను రెక్కల మధ్య పెన్సిలు పెట్టి ఆపమని పిల్లలకు చెప్పాను. లేకపోతే ఆ వడికి ఫ్యాను గిర్రున తిరిగి బేరింగు పోతుంది, పైగా అదే చిన్న జనరేటరై బోర్డుకు ఎదురు కరెంటు పంపుతుంది. ఒక డబ్బాలో బల్లి గుడ్లు దొరికాయి. అవి ఎవరు తీయాలన్న దాని మీద పది నిమిషాలు పంచాయితీ జరిగింది.

మూత వేసి ఆన్ చేస్తే నాలుగే వెలిగాయి. మిగతావి బీప్ బీప్ అని అరుపులు. ర్యాము పలక కింద బంగారు రంగు పళ్లుంటాయి. వాటికి పట్టిన మకిలిని పెన్సిలు రబ్బరుతో రుద్ది, గుడ్డతో తుడిచి, టక్కుమనే దాకా గట్టిగా నొక్కితే ఇంకో నాలుగు లేచాయి. ఐదు రూపాయల రబ్బరుతో నాలుగు కంప్యూటర్లు.

లేచిన ఎనిమిదింటిలో ఆరు తమది 2009 జనవరి 1 అనుకుంటున్నాయి. బోర్డు మీద రూపాయి బిళ్లంత సెల్లు ఒకటుంటుంది, సీఆర్2032 అని, 3 వోల్టులది. కరెంటు లేనప్పుడు తేదీని మోసేది అదే. అది చచ్చిపోతే పొద్దున పొద్దున తేదీ మొదటికొస్తుంది. తేదీ తప్పితే ఇంటర్నెట్టూ సరిగా రాదు. వెబ్‌సైటు చూపించే సర్టిఫికెట్ 2025 లో పుట్టింది, కంప్యూటరేమో ఇంకా 2009 లోనే ఉంది. "నువ్వింకా పుట్టనే లేదు" అని తలుపు వేసేస్తుంది. నిరుడు నెట్టు రావడం లేదని కేబుల్ అబ్బాయిని మూడుసార్లు పిలిచారట. కావలసింది 30 రూపాయల సెల్లు.

ఇక నా ఘనకార్యం కూడా రాసుకోవాలి. సీపీయూలోకి కరెంటు ఇచ్చే డబ్బాను ఎస్ఎంపీఎస్ అంటారు, పాతవాటి వెనక చిన్న ఎర్ర స్విచ్ ఉంటుంది, ఒకవైపు 230, ఒకవైపు 115. బ్రష్‌తో తుడుస్తూ ఒకదాన్ని 115 వైపు జరిపేశాను, చూసుకోలేదు. ప్లగ్గు పెట్టగానే దీపావళి టపాకాయలా ఢామ్మంది, పొగ, కమురు వాసన. పిల్లలు చప్పట్లు కొట్టారు. మిగతా స్విచ్‌ల మీద వెంటనే ఇన్సులేషన్ టేపు అంటించాను. ఎనిమిది ఏడయ్యాయి.

జూలై 8, మంగళవారం

ఈరోజు పేజీ పొడుగ్గా రాయాలి.

తొమ్మిదో తరగతి పిల్ల ఒకతె కీబోర్డు వైరు వెనక పెట్టబోయి చెయ్యి లాక్కుంది.

"మేడం, ఈ డబ్బా కొడ్తాంది."

"గట్టిగానా?"

"కాదు మేడం. చీమలు పాకినట్టుంది."

నేను ముట్టుకున్నాను, ఏమీ లేదు. "నీ భ్రమ" అనబోయి ఆ పిల్ల కాళ్ల వైపు చూశాను. ల్యాబు తలుపు మీద "పాదరక్షలు బయట విడువవలెను" అని రాసి ఉంది. పిల్లలు విడుస్తారు. టీచర్లం విడవం. నా కాళ్లకు రబ్బరు చెప్పులున్నాయి, ఆ పిల్ల వట్టి కాళ్లతో నాపరాయి మీద నిలబడి ఉంది. చెప్పులు విడిచి వేలి వెనక వైపుతో తాకాను. నిజమే. చీమలే.

అన్నీ ఆపించి పిల్లల్ని బయటికి పంపాను. రివైండింగ్ షాపు అన్న వచ్చాడు. మల్టీమీటరు పెడితే సాకెట్లో ఫేజుకు న్యూట్రలుకు మధ్య 236 వోల్టులు, సరిగ్గానే ఉంది. ఎర్తు అంటే దారి తప్పిన కరెంటును నేలలోకి దింపే తీగ. న్యూట్రలుకు ఎర్తుకు మధ్య ఒకటో రెండో వోల్టులు ఉండాల్సిన చోట 108. సీపీయూ డబ్బాకు న్యూట్రలుకు మధ్య కూడా అంతే.

అన్న దగ్గర హోల్డరుకు బిగించిన 100 వాట్ల బల్బు ఉంది, రెండు వైర్లు వేలాడుతూ. దాన్ని టెస్ట్ ల్యాంపు అంటారు. ఫేజుకు న్యూట్రలుకు పెడితే కళ్లు చెదిరేలా వెలిగింది. ఫేజుకు ఎర్తుకు పెడితే ఫిలమెంటు ఎర్రబడను కూడా లేదు.

"ఎర్తే లేదప్పా ఈ బిల్డింగుకు" అన్నాడు.

ఆ 108 ఎక్కడి నుంచి వచ్చిందో పదో తరగతికి చెప్పగలిగినంత సులువు. ఎస్ఎంపీఎస్ లోపల కరెంటు వచ్చే చోట చిన్న కెపాసిటర్లు రెండు ఉంటాయి. ఒకటి ఫేజు నుంచి డబ్బాకు, ఇంకొకటి న్యూట్రలు నుంచి డబ్బాకు. రేడియో చప్పుడు లాంటి గోలను ఎర్తులోకి తోసెయ్యడం వాటి పని. ఎర్తు తెగిపోతే ఆ గోలకు దారి లేదు. డబ్బా రెండు కెపాసిటర్ల నడుమ వేలాడుతూ, సుమారు సగం వోల్టేజీ దగ్గర నిలబడుతుంది. కరెంటు చాలా తక్కువ కాబట్టి చీమలు పాకినట్టుంటుంది, మనిషిని పడెయ్యదు. కానీ లోపల ఫేజు వైరు ఒకటి ఊడి డబ్బాకు తగిలిన రోజున చీమలు ఉండవు. ఆ పిల్ల వట్టి కాళ్లు మళ్లీ మళ్లీ గుర్తొస్తున్నాయి.

ఎర్తుకు పోయే పచ్చ వైరు పట్టుకుని వెతుక్కుంటూ పోయాం. బోర్డు నుంచి పైపులోకి, కిటికీ పక్క నుంచి బయటికి, గోడ మీదుగా కిందికి. నేలకు రెండడుగుల ఎత్తున తెగి ఉంది. తెగిన చివరకు సున్నం కూడా పూసి ఉంది. కింద పాత ఎర్తు గుంత ఉండాల్సిన చోట కొత్తగా పరిచిన టైల్స్. ఎవరు చేశారో, ఎప్పుడు చేశారో అడగడం మానేశాను. టైల్స్ మాత్రం బాగున్నాయి.

జూలై 12, రెండో శనివారం, సెలవు

ఎర్తు గుంతకు చోటు ఎంచడమే అసలు పని. ఎర్తు అంటే తడి నేల. అనంతపురం జిల్లాలో తడి నేల అంటే జోకు. ఏడాదంతా కలిపినా 550 మిల్లీమీటర్ల వాన పడే చోటు మాది, అదీ సెప్టెంబరు, అక్టోబరుల్లో పడితే పడినట్టు. పొడి గరుసు నేలలో పైపు దించితే అది గోడకు మేకు కొట్టినట్టే.

బడి చుట్టూ రెండుసార్లు తిరిగాను. ఎండాకాలంలోనూ పచ్చగా గడ్డి ఉన్న చోటు ఒక్కటే కనబడింది. మధ్యాహ్న భోజనం తర్వాత పిల్లలు కంచాలు కడిగే కొళాయి కాలువ పక్కన. రోజూ రెండొందల కంచాల నీళ్లు అక్కడే ఇంకుతాయి. ల్యాబు గోడకు రెండు మీటర్ల దూరం. ఇంతకంటే మంచి చోటు ఇంజనీరు కూడా చూపించలేడు.

పొద్దున ఉగ్గాని బజ్జి తిని మొదలుపెట్టాం. సలికె పారతో రెండడుగులు పోగానే గరుసు తగిలింది, గడ్డపార ఎగిరెగిరి పడింది. చివరికి కరెంటు స్తంభాల గుంతలు తవ్వే ట్రాక్టరును పిలిచి, దానికి పొడుగు కడ్డీ తగిలించి, ఎనిమిదడుగులకు పైగా దించాం. 40 మిల్లీమీటర్ల జీఐ పైపు, అంటే జింకు పూత వేసిన ఇనుప పైపు, రెండున్నర మీటర్లు, ఒంటి నిండా చిల్లులు. ఎర్తింగుకు ఉన్న భారతీయ ప్రమాణం ఐఎస్ 3043 కు సరిపోయే కొలతే. పైపు చుట్టూ ఒక వరస బొగ్గు, ఒక వరస రాళ్లుప్పు. బొగ్గులు ఇస్త్రీ బండి ఆయన ఇచ్చాడు. "బడికా మేడం, తీసుకోండి" అని అరమూట ఊరికే ఇచ్చాడు. బొగ్గు తడిని పట్టుకుని ఉంటుంది, ఉప్పు ఆ తడిలో కరిగి కరెంటుకు దారి ఇస్తుంది. అదే ఉప్పు కొన్నేళ్లకు పైపును తినేస్తుంది కూడా, కాబట్టి గుంత మీద సిమెంటు పలక ఎత్తి చూసేలా వదిలాం. ఈసారి ఎవరూ టైల్స్ వేయకుండా పక్క గోడ మీద పెద్దక్షరాలతో "ఎర్తు" అని రాయించాను.

తీగను పైపుకు చుట్టి వదిలేద్దామన్నాడు కూలి అబ్బాయి. అన్న ఒప్పుకోలేదు. క్లాంపు పెట్టి, బోల్టు బిగించి, దాని మీద గ్రీజు పూశాడు. "చుట్టిన తీగ నాలుగు నెలలకు తుప్పు పడుతుంది మేడం, అప్పుడు మళ్లీ చీమలే."

జూలై 19, శనివారం

బల్బు వెలిగింది! ఫేజుకు ఎర్తుకు మధ్య, మెయిన్ బోర్డు దగ్గర. న్యూట్రలుకు ఎర్తుకు మధ్య 1.6 వోల్టులు.

పదో తరగతిని కిటికీ బయట నిలబెట్టి ఓమ్ నియమం చెప్పాను. బల్బు పెట్టకముందు 236 వోల్టులు, బల్బు వెలిగాక 222. పోయిన 14 వోల్టులు నేలలో పోయాయి. బల్బు తీసుకునేది 0.42 ఆంపియర్లు. 14 ని 0.42 తో భాగిస్తే సుమారు 33 ఓములు. పుస్తకంలో ఓమ్ నియమం లెక్కలు వంద చేయించి ఉంటాను. భూమికి రెసిస్టెన్స్ కట్టడం నాకే మొదటిసారి.

మెయిన్ బోర్డులో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ కూడా పెట్టించాం, కరెంటు పక్కదారిన కారితే వెంటనే ఆపేసే స్విచ్ అది. పెట్టాక మురిసిపోయి ల్యాబు సాకెట్లో మళ్లీ బల్బు పెట్టి చూస్తే టక్కున అంతా ఆగిపోయింది. ఐదు నిమిషాలు కంగారు పడ్డాక వెలిగింది, బల్బు కాదు, బుర్ర. ఫేజు నుంచి ఎర్తులోకి 420 మిల్లీ ఆంపియర్లు వదిలితే ఆర్‌సీసీబీ ఆగకుండా ఎలా ఉంటుంది? అది తన పని తాను చేసింది. ఇకనుంచి బల్బు పరీక్ష దానికి ముందు వైపే, అదీ అన్న చేతుల మీదుగానే.

ఖర్చు పైపు, ట్రాక్టరు, ఆర్‌సీసీబీ అన్నీ కలిపి ఆరు వేల చిల్లర. పాత విద్యార్థుల బ్యాచ్ ఒకటి పది వేలు ఇచ్చింది. కంప్యూటర్లకని ఇస్తే గుంతలో పోశానని వాళ్లకు ఫోటోలు పంపి చెప్పాల్సి వచ్చింది.

ఆగస్టు 9, శనివారం

ఇది తొందరగా అయిపోయిన పని. పాతవన్నీ విండోస్ 7. దానికి మైక్రోసాఫ్ట్ 2020 జనవరి 14 నే సెలవిచ్చేసింది. విండోస్ 10 కూ ఈ అక్టోబరు 14 తో సరి. 11 ఈ డబ్బాల్లోకి ఎక్కదు. విండోస్ బదులు లుబుంటు 24.04 వేశాను, లినక్స్ రకం, ఉచితం, బరువు తక్కువ. చచ్చిన సీపీయూల ర్యాములు పీకి బతికిన వాటికి పెట్టి, హార్డ్ డిస్కుల బదులు 120 జీబీ ఎస్ఎస్‌డీలు వేశాం. అనంతపురం సుభాష్ రోడ్డు దాకా పోయి బేరమాడి తెచ్చినవి. ఇదివరకు ఆన్ చేసి అటెండెన్స్ తీసుకుని వచ్చినా ఇంకా గుండ్రం తిరుగుతూనే ఉండేది. ఇప్పుడు 40 సెకన్లు.

ఒకదాన్ని పూర్తిగా తయారుచేసి క్లోనెజిల్లా అనే ప్రోగ్రాంతో మిగతా వాటికి అచ్చు దింపాను. అచ్చు అంటే అచ్చే, అన్నిటి పేరూ ల్యాబ్01. టీచరు స్క్రీన్ మీద పిల్లలందరి తెరలూ చూపించే ఎపొప్టిస్ అనే ప్రోగ్రాం ఉంది. గ్రీసులో పుట్టింది, ఆ మాటకు గ్రీకులో పర్యవేక్షకుడని అర్థం. అందులో అన్నీ ల్యాబ్01 లే కనబడ్డాయి. ఒక్కొక్కదానికి పేరు మార్చుకుంటూ కూర్చున్నాను. పిల్లలు నదుల పేర్లు పెట్టమన్నారు. పెన్నా, చిత్రావతి, హగరి, తుంగభద్ర, ఇట్లా. సర్వరు పేరు పెన్నా. ఎండిపోతుందేమో అని మా తెలుగు సార్ వెటకారం.

నెట్టు లేనప్పుడు కూడా పని జరగాలని పెన్నాలో, నెట్టు లేకుండా వెబ్‌సైట్లు చదివించే కివిక్స్ ప్రోగ్రాంతో తెలుగు వికీపీడియా మొత్తం, తెర మీదే సైన్సు ప్రయోగాలు చేసే ఫెట్ సిమ్యులేషన్లు పెట్టాను. సర్క్యూట్లు కట్టే సిమ్యులేషను చూశాక ఒక పిల్లాడు ఫ్యూజు కాలిన బొమ్మ కోసమే మళ్లీ మళ్లీ షార్ట్ చేస్తున్నాడు. చెయ్యనీ. అక్కడైతే పొగ రాదు.

సెప్టెంబరు 6, శనివారం

తెలుగు టైపింగు. ఇన్‌స్క్రిప్ట్ నేర్పుతున్నాను, అంటే ఒక్కో కీకి నేరుగా తెలుగు అక్షరం ఉండే కీబోర్డు అమరిక. ఫోన్లో "amma" లాగా ఇంగ్లిష్ అక్షరాలతో కొట్టే అలవాటు ఉన్నవాళ్లు మొదట గొణిగారు. కీబోర్డులకు తెలుగు స్టిక్కర్లు లేవు, అట్టముక్క మీద పటం గీసి గోడకు అంటించాం. ఎడమచేతి వైపు గుణింతాలు, కుడిచేతి వైపు హల్లులు. "అమ్మ" రాయాలంటే షిఫ్టు పట్టుకుని డీ కొడితే అ, సీ కొడితే మ, వట్టి డీ కొడితే పొల్లు, మళ్లీ సీ. అకారానికీ, పొల్లుకీ ఒకటే కీ. "అంటే అ తీసేస్తే పొల్లు, అందుకే ఒకే చోట పెట్టినారు మేడం" అంది ఆరో తరగతి పిల్ల. నాకు తట్టలేదు. తెలుగు సార్ ఆ మాట విన్నప్పటి నుంచి వారానికి రెండు పీరియడ్లు ల్యాబు అడుగుతున్నారు.

ఆయన పాత ప్రశ్నపత్రాలు మాత్రం తెరుచుకోలేదు. అన్నీ డీటీపీ రోజుల అను ఫాంట్లవి. అన్ని కంప్యూటర్లకూ అర్థమయ్యే యూనికోడ్ కాదు కాబట్టి ఆ ఫాంటు లేని చోట అర్థం లేని ఇంగ్లిష్ గిలుకుళ్లు. మార్చే ప్రోగ్రాములు ఉన్నాయి కానీ ఒత్తులు తిరగబడుతున్నాయి. పిల్లల చేత మళ్లీ టైపు చేయిస్తున్నాం. అభ్యాసానికి అభ్యాసం.

నవంబరు 20, గురువారం

పదో తరగతి నామినల్ రోల్సు, అంటే పబ్లిక్ పరీక్ష రాసే పిల్లల వివరాల జాబితా పని. ఆధార్‌లో ఒక పేరు, అడ్మిషన్ రిజిస్టర్లో ఇంకో పేరు, తండ్రి ఇంటిపేరు మూడో రకం. హెచ్ఎం సార్ గదిలో క్లర్కు ఒక్కొక్కటి సరిచూసుకుంటూ ఎక్కిస్తున్నాడు. పదకొండున్నరకు నెట్టు చచ్చిపోయింది. ఆయన గదిలో, ల్యాబులో, ప్యానెళ్లలో, అంతటా.

రౌటరు ఆపి ఆన్ చేశాం. ఒక్క నిమిషం వచ్చి మళ్లీ పోయింది. నెట్టు కంపెనీకి ఫోను చేస్తే "మా వైపు బాగానే ఉంది మేడం" అన్నారు. ఎప్పుడూ అనే మాటే అని తిట్టుకున్నాను. ఈసారి వాళ్ల మాటే నిజం.

ల్యాబులోకి పోయి చూస్తే 16 పోర్టుల స్విచ్ మీద పచ్చ దీపాలన్నీ ఒక్కసారే, పూనకం వచ్చినట్టు ఆడుతున్నాయి. మామూలుగా అయితే ఒకటి ఇప్పుడు, ఒకటి అప్పుడు మినుకుమంటాయి. వైర్లు ఒక్కొక్కటి తడుముకుంటూ పోతే ఒక నీలం కేబులు మూడో పోర్టులో బయల్దేరి పద్నాలుగో పోర్టులో దిగింది. రెండు చివరలూ ఒకే స్విచ్‌లో.

పొద్దున ఊడ్చేటప్పుడు కేబులు నేల మీద వేలాడుతుంటే ఆయమ్మ చూసి, ఖాళీగా ఉన్న రంధ్రంలో చక్కగా పెట్టింది. మంచికే. కానీ అందరికీ అని పంపిన ఒక్క కబురు ఆ చుట్టులో పడితే స్విచ్ దాన్ని మళ్లీ అందరికీ పంపుతుంది, అది తిరిగొస్తుంది, మళ్లీ పంపుతుంది, అంతం లేదు. ఖరీదైన స్విచ్‌లు చుట్టు కనిపెట్టి ఆ పోర్టు మూసేస్తాయి. మాది అంత తెలివైనది కాదు. ఒక చివర లాగాను, దీపాలు శాంతించాయి. పక్క గది నుంచి "వచ్చింది, వచ్చింది" అని క్లర్కు కేక.

ఆయమ్మ బెదిరిపోయింది. "నీ తప్పేం లేదమ్మా, వేలాడే కేబులు వదిలింది నేను" అన్నాను. ఖాళీ పోర్టులన్నిటికీ టేపు వేసి, ప్రతి కేబులుకు రెండు చివరలా ఒకే నంబరు చీటీ కట్టాం. ఈ పని ఆగస్టులోనే చెయ్యాల్సింది.

ఆ గదిలో ఇంకోటి కూడా కంటబడింది. బడి వివరాలు ఎక్కించే ప్రభుత్వ వెబ్‌సైటు యూడైస్ లాగిన్, పాస్‌వర్డు చార్టు మీద స్కెచ్ పెన్నుతో రాసి గోడకు అంటించి ఉన్నాయి, పిల్లల ఆధార్ నంబర్ల పక్కనే. హెచ్ఎం సార్‌తో ఆ చార్టు నేనే చించుతానంటే నవ్వి, ముందు డైరీలో రాసుకోనివ్వమన్నారు.

జనవరి 19, 2026, సోమవారం

సంక్రాంతి సెలవులు అయిపోయాయి. బడి తెరిచిన రోజు తప్పనిసరిగా చెయ్యాల్సిన పనులు ఐదు గోడ మీద రాసి పెట్టాం, అందులో ఒకటి బల్బు పరీక్ష. అన్న వచ్చి పెట్టాడు. జూలైలో 222 చూపించిన చోట 212. లెక్క కట్టింది తొమ్మిదో తరగతి పిల్ల, చీమలు పాకిన చెయ్యి ఆమెదే. 236 లోంచి పోయిన 24 ని 0.41 తో భాగించి "58 ఓములు మేడం, పెరిగింది" అంది.

తీగ తెగిందేమో, క్లాంపు వదులైందేమో అని పలక ఎత్తి చూశాం. అంతా బిగువుగానే ఉంది. బొగ్గు మాత్రం పైన తెల్లగా ఎండిపోయి ఉంది. ఆ పిల్లే కొళాయి వైపు చూసింది. సెలవుల్లో బడిలో భోజనం లేదు, కంచాలు కడిగినవాళ్లు లేరు, గుంతలోకి చుక్క నీరు పోలేదు.

నాలుగు బకెట్లు పోయించాను. వాచ్‌మన్ క్యాలెండర్లో ఎండాకాలం సెలవుల పేజీలన్నిటి మీదా, మూడు రోజులకొకసారి, ఎర్ర పెన్నుతో "ఎర్తుకు రెండు బకెట్లు" అని రాసి ఇచ్చాను. ఆయన చదివి, "గుంతకు నీళ్లు పోస్తే ఏం మొలుస్తుంది మేడం?" అన్నాడు.

ల్యాబులో ఇప్పుడు నడుస్తున్నవి ఏడు. ఎనిమిదోదానికి ఎస్ఎంపీఎస్ కొనాలి, ఆరు వందలు. ఈసారి ఎర్ర స్విచ్ లేనిది చూసి తెస్తాను.